రంగును పట్టి ఉంచిన జిగురు ఏది? తెల్లసొన నుంచి రబ్బరు పొట్టు దాకా

కోడిగుడ్డు తెల్లసొనను మంచులా గట్టి నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. కాసిని నీళ్లు పోసి రాత్రంతా కదపకుండా ఉంచాలి. తెల్లారేసరికి నురగ కింద పల్చటి నీరు దిగుతుంది. బంగారు రేకు కింద పూసే ఎర్రమట్టిని ఈ నీటితో కలపమని ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని 1400 ప్రాంతంలో రాశాడు. మధ్యయుగాల యూరప్‌లో చేతిరాత పుస్తకాలకు బొమ్మలు వేసినవాళ్లు రంగులు కలుపుకోవడానికి కూడా ఇలాంటి తెల్లసొన నీరే వాడేవారు. తుమ్మజాతి చెట్ల బంక, తోలు ముక్కలు ఉడికించి తీసిన జిగురు, చేప జిగురు కూడా వాడుకలో ఉండేవి.

పాత బొమ్మల గురించి మాట్లాడేటప్పుడు అందరం రంగులనే పొగుడుతాం. వాటిని ఇన్ని వందల ఏళ్లు పట్టి ఉంచింది మాత్రం ఈ జిగురే. అది లేకపోతే ఎంత ఖరీదైన నీలమైనా ముగ్గుపిండిలా చెయ్యి తగిలితే రాలిపోతుంది. పేజీ మీద రంగు పెచ్చులు లేస్తున్నప్పుడు దాన్ని మళ్లీ అతికించాల్సిన సంరక్షకులకు అసలు టెన్షన్ ఇక్కడే. తుమ్మబంక ఎంత పాతబడినా నీళ్లు తగిలితే మెత్తబడుతుంది. ముదిరిన పచ్చసొన అంత తేలిగ్గా కరగదు. ఏది ఉందో తెలియకుండా తడి కుంచె ఆనిస్తే ఉన్న రంగు కూడా కుంచెతో పాటు వచ్చేస్తుంది.

రంగుపొడి సంగతి తేల్చడం కొంత సులువు. పేజీని ముట్టుకోకుండానే ఎక్స్‌రేలతో, లేజర్ కాంతితో అది ఏ ఖనిజమో చాలాసార్లు చెప్పొచ్చు. జిగురుగా వాడిన గుడ్డు, పాలు, తోలు అలా దొరకవు. అన్నిట్లోనూ ప్రొటీన్లే ఉంటాయి కాబట్టి, కాంతితో చూస్తే వాటిని విడదీసి చెప్పడం కష్టం.

మన నేల మీద కూడా ఈ పరిజ్ఞానం పాతదే. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరున ఉన్న మానసోల్లాసంలో వజ్రలేపం తయారీ ఉంది. పచ్చి గేదెతోలును వెన్నలా మెత్తబడేదాకా నీళ్లలో ఉడికించి, కడ్డీలుగా చేసి ఎండబెట్టాలి. కావలసినప్పుడు వేడినీళ్లలో కరిగించి రంగులో కలుపుకోవాలి. తోలు నుంచి వచ్చే ఈ ప్రొటీన్ పేరు కొల్లాజెన్. దీనికో ఆనవాలు ఉంది. ప్రొటీన్లు అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో కట్టిన గొలుసులు. వాటిలో హైడ్రాక్సీప్రోలిన్ అనేది ఇందులో పుష్కలంగా ఉంటుంది, గుడ్డులో, పాలలో దాదాపు ఉండదు.

20వ శతాబ్దంలో ముందుగా వచ్చిన పరీక్ష అద్దకం. రంగు పొరలోంచి చిన్న పెచ్చు తీసి, ప్రొటీన్‌కు అంటుకునే అద్దకం వేసి మైక్రోస్కోప్ కింద చూసేవారు. ప్రొటీన్ ఉందని తెలిసేది, ఏ ప్రొటీనో తెలిసేది కాదు. తర్వాత ఆ పెచ్చును ఆమ్లంతో అమైనో ఆమ్లాలుగా విడగొట్టి, ఏది ఎంత వంతు ఉందో క్రొమటోగ్రఫీతో, అంటే కలిసి ఉన్నవాటిని విడదీసే పద్ధతితో, కొలవడం మొదలైంది. హైడ్రాక్సీప్రోలిన్ కనిపిస్తే తోలు జిగురు. కానీ ఒకే పెచ్చులో అడుగున జిగురు, పైన గుడ్డు ఉంటే లెక్కలు కలిసిపోయేవి.

చేతిరాత పుస్తకాల దగ్గర ఇంకో చిక్కుంది. ఈ విషయంలో నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే. పార్చ్‌మెంట్ పేజీ స్వయంగా తోలు, అంటే కొల్లాజెన్. పరీక్షలో కొల్లాజెన్ తేలితే అది రంగులో కలిపిన జిగురా, కింది పేజీదా, లేక ఎప్పుడో మరమ్మతులో పూసిన, కొల్లాజెన్ నుంచే వచ్చే జెలటినా? మొత్తం ఎంత ఉందో కొలిస్తే దీనికి జవాబు రాదు. ఏ జంతువుదో తెలియాలి.

ఆ దారి ఈ శతాబ్దంలో తెరుచుకుంది. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ప్రొటీన్ గొలుసును నిర్దిష్టమైన చోట్లే తెంపుతుంది. ఆ ముక్కల బరువులను మాస్ స్పెక్ట్రోమీటర్ అనే, అణువులను తూచే యంత్రంలో తూచితే ఏ ప్రొటీనో, చాలాసార్లు ఏ జంతువుదో కూడా బయటపడుతుంది. 2006లో ఫ్రాన్స్‌లో కరోలిన్ తొకార్స్కీ బృందం రినైసాన్స్ (యూరప్ పునరుజ్జీవన కాలపు) చిత్రాల్లో గుడ్డు ప్రొటీన్లను ఇలా గుర్తించింది. దూడ తోలు పేజీ మీద చేప జిగురు ఉంటే ఇక రెండూ వేరువేరుగా కనిపిస్తాయి.

అయినా పెచ్చు తియ్యాల్సిందే. వెయ్యేళ్ల పుస్తకంలోంచి గోరంత ముక్క అడిగినా ఏ గ్రంథాలయమైనా ఒప్పుకోదు, అది న్యాయమే. దీనికి దారి రోజూ పేజీలు శుభ్రం చేసే రబ్బరులోనే దొరికింది. ప్లాస్టిక్ రబ్బరుతో పార్చ్‌మెంట్‌ను మెల్లగా రుద్దితే, పుట్టిన స్థిర విద్యుత్తుకు కొల్లాజెన్ అణువులు రబ్బరు పొట్టుకు అంటుకుంటాయి. మామూలుగా ఊడ్చి పారేసే ఆ పొట్టునే సీసాలో వేసి ల్యాబ్‌కు పంపారు. ఇంగ్లండ్‌లోని యార్క్ విశ్వవిద్యాలయంలో సారా ఫిడిమెంట్, మాథ్యూ కాలిన్స్ బృందం 2015లో ఈ పద్ధతిని ప్రకటించింది. 13వ శతాబ్దపు జేబు బైబిళ్ల పల్చటి పేజీలు పుట్టని దూడల తోలుతోనో, కుందేలు తోలుతోనో చేసి ఉంటారన్న వాదన ఉండేది. తీరా చూస్తే అవి మామూలు దూడ, మేక, గొర్రె తోళ్లే. పల్చదనమంతా పనివాళ్ల చేతి నేర్పు.

ఈ రబ్బరును బొమ్మ మీద మాత్రం రుద్దకూడదు, రంగు లేచిపోతుంది. అందుకే పేజీ ఏ తోలో చెప్పినంత తేలిగ్గా రంగులో ఏ జిగురో ఇప్పటికీ చెప్పలేం.

చిత్రాన్ని కొత్తగా ముట్టుకోకుండానే పరీక్షించే అదృష్టం కాన్వాస్ చిత్రాల్లో ఒకసారి కలిసొచ్చింది. 19వ శతాబ్దపు డెన్మార్క్ చిత్రకారులు ఎకర్స్‌బర్గ్, కోబ్కె వేసిన పది చిత్రాల అడుగుపూతను పరీక్షించి, ఏడింటిలో ఈస్ట్ ప్రొటీన్లు, బార్లీ, గోధుమ లాంటి ధాన్యాల ప్రొటీన్లు ఉన్నాయని 2023లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. బీరు కాచాక మిగిలిన పిప్పిని కాన్వాస్‌కు పూసి ఉంటారని వాళ్ల అంచనా. అందుకోసం కొత్తగా ఒక్క పోగు కూడా కొయ్యలేదు. 1960ల్లో ఆ చిత్రాలకు మరమ్మతు చేసినవాళ్లు, కత్తిరించిన అంచులను పారెయ్యకుండా దాచి ఉంచారు.