పిరికితనం కేసు నుంచి పెన్షన్ ఫైలు దాకా

2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికా దిగిన యుద్ధాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న ఆ దేశ సైనికులు 7,057 మంది. అదే కాలంలో ఆత్మహత్య చేసుకున్న సైనికులు, మాజీ సైనికులు 30,177 మంది. బ్రౌన్ యూనివర్సిటీలోని 'కాస్ట్స్ ఆఫ్ వార్' ప్రాజెక్టు 2021లో బయటపెట్టిన అంచనా ఇది. అంటే రణరంగంలో పోయినవాళ్లకు నాలుగు రెట్లకు పైగా.

ఈ అంకెలు చూసి అందరూ ఉలిక్కిపడ్డారు. నిజానికి ప్రతి పెద్ద యుద్ధం తర్వాతా ఇలాగే ఉలిక్కిపడి, కొన్నేళ్లకు మర్చిపోవడం నూటయాభై ఏళ్లుగా జరుగుతున్నదే. యుద్ధం మనిషి మనసును ఏం చేస్తుందో వైద్యులకు ఎప్పుడో తెలుసు. ఒప్పుకోవడమే ప్రభుత్వాలకు కష్టమైంది. ఒప్పుకుంటే ముందు వరసలో మనుషులు పలచబడతారని సేనానులకు భయం, పెన్షన్లు పెరుగుతాయని ఖజానాకు భయం.

అమెరికా అంతర్యుద్ధం (1861-65) నాటికే ఈ తంతు మొదలైంది. ఒంటి మీద గాయం లేకుండానే గుండెదడ, ఆయాసం, నిద్రలేమితో వచ్చే సైనికులను ఫిలడెల్ఫియాలో జాకబ్ డా కోస్టా అనే వైద్యుడు పరీక్షించాడు. మూడు వందలకు పైగా కేసుల వివరాలతో 1871లో వ్యాసం రాశాడు. ఆయన దాన్ని గుండె జబ్బుగానే లెక్కగట్టాడు. మనసు సంగతి పెద్దగా ఎత్తలేదు.

ఆ సంగతి ఎత్తక తప్పని పరిస్థితి తెచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం. నెలల తరబడి కందకాల్లో కూర్చుని పైనుంచి పడే ఫిరంగి గుళ్ల కోసం ఎదురుచూడటం సైనికులకు కొత్త అనుభవం. మాట పడిపోయినవాళ్లు, చూపు పోయినవాళ్లు, ఒళ్లంతా వణుకుతూ నిలబడలేనివాళ్లు ఆసుపత్రులకు రాసాగారు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ అనే బ్రిటిష్ వైద్యుడు 'లాన్సెట్' పత్రికలో ముగ్గురి కేసులు వివరిస్తూ దీన్ని 'షెల్ షాక్', అంటే ఫిరంగి గుండు అదురు, అన్నాడు. గుండు పేలిన అదురుకు నరాలు దెబ్బతిన్నాయేమోనని మొదట్లో అనుకున్నారు. తీరా చూస్తే దగ్గర్లో ఏ గుండూ పేలనివాళ్లలోనూ అవే లక్షణాలు.

అక్కడ సైన్యం చూపిన గుమాస్తాగిరీ చూడండి. షెల్ షాక్ కేసుల్ని రెండుగా విడదీశారు. శత్రువు గుండు పేలడం వల్ల వచ్చిందని తేలితే 'డబ్ల్యు', అంటే గాయం. ఆ సైనికుడు చొక్కా చేతి మీద గాయపు చార కుట్టుకోవచ్చు, పెన్షన్‌కు అర్హుడు. అలా తేలకపోతే 'ఎస్', అంటే వట్టి జబ్బు. చారా లేదు, పెన్షనూ లేదు. ఒకే వణుకు, ఒకే పీడకలలు. తేడా అంతా ఫారం మీద డాక్టర్ రాసే అక్షరంలోనే. 1917 జూన్‌లో 'షెల్ షాక్' అన్న మాటే వాడొద్దనే ఉత్తర్వు వచ్చింది. అప్పటి నుంచి ఇలాంటివాళ్ల కాగితాల మీద 'ఇంకా నిర్ధారణ కాలేదు, నరాలది' అని రాసి పంపేవారు.

వైద్యం కూడా హోదాను బట్టే నడిచింది. స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో అధికారులను కూర్చోబెట్టి రివర్స్ అనే వైద్యుడు మాటలతో నయం చేసే ప్రయత్నం చేస్తుంటే, లండన్‌లో మాట పడిపోయిన మామూలు సైనికులకు లూయిస్ యీలాండ్ గొంతులో కరెంటు పెట్టి మాట తెప్పించేవాడు. జర్మనీలోనూ కరెంటు వైద్యం జోరుగా సాగింది. దాన్ని వైద్యం అనాలో దండన అనాలో చెప్పడం కష్టం.

అసలు దండన పడ్డవాళ్లు వేరే ఉన్నారు. హ్యారీ ఫార్ అనే బ్రిటిష్ సైనికుడు 1915లో షెల్ షాక్‌తో ఐదు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. చేతులు ఎంతగా వణికేవంటే భార్యకు రాయాల్సిన ఉత్తరాలు నర్సు రాసిపెట్టేది. కోలుకున్నాడని మళ్లీ పంపారు. 1916 సెప్టెంబర్‌లో ఫ్రాన్స్‌లోని సోమ్ దగ్గర, ఇక ముందుకు నడవలేనని ఆగిపోయాడు. పిరికితనం అని కేసు పెట్టారు. కోర్టు మార్షల్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. అతని తరఫున వాదించడానికి ఎవరూ లేరు. అక్టోబర్‌లో ఒక తెల్లవారుజామున కాల్చి చంపారు. అప్పటికి పాతికేళ్లవాడు. కళ్లకు గంతలు వద్దన్నాడట. భార్యకు పెన్షన్ ఆపేశారు. మూడేళ్ల కూతురితో ఆమె రోడ్డున పడింది. ఆ కూతురు ముసలిదై కోర్టుకెక్కింది. 2006లో, ఫార్‌తో సహా ఇలా కాల్చివేతకు గురైన 306 మందికి బ్రిటన్ చట్టం చేసి క్షమాభిక్ష పెట్టింది. నేరం మాత్రం రద్దు కాలేదు. ఈ క్షమాభిక్ష వల్ల తీర్పు, శిక్ష మారవని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఇంత జాగ్రత్త దేనికో!

యుద్ధం ముగిశాక లెక్కలు తేలాయి. 1921 నాటికి బ్రిటన్‌లో నరాల జబ్బు కింద పెన్షన్ తీసుకుంటున్నవారు సుమారు 65 వేల మంది. మరుసటేడు షెల్ షాక్ మీద వేసిన సౌత్‌బరో కమిటీ రిపోర్టు ఇచ్చింది. మంచి శిక్షణ, ధైర్యం ఉన్న పటాలాల్లో ఈ కేసులు తక్కువనే ధోరణిలో సాగింది ఆ రిపోర్టు. 'షెల్ షాక్' అన్న మాటనే ఎత్తేయమంది. 1939లో మళ్లీ యుద్ధం మీదికి వస్తుంటే బ్రిటిష్ అధికారులకు ముందుగా తట్టిన ఉపాయం, ఈసారి నరాల కేసులకు పెన్షన్ ఆశ చూపకూడదని. పైసలు ఆపితే జబ్బు ఆగుతుందని లెక్క.

ఆగలేదు. బ్రిటిష్ వాయుసేనలో ఇక ఎగరలేమన్నవాళ్ల ఫైలు మీద 'నైతిక స్థైర్యం లేదు' అని రాసి, రెక్కల బ్యాడ్జీ తీయించేవారు. వాళ్లు వద్దన్నది ఎలాంటి పని? బాంబర్ దళంలో ఎగిరిన సుమారు లక్షా పాతిక వేల మందిలో 55,573 మంది చనిపోయారు. 1943 ఆగస్టులో సిసిలీలో అమెరికన్ జనరల్ ప్యాటన్ ఆసుపత్రికి వెళ్లి, నరాలు తట్టుకోలేక పడుకున్న ఇద్దరు సైనికుల్ని వారం తేడాతో చెంపదెబ్బలు కొట్టాడు. మొదటివాడికి మలేరియా జ్వరం కూడా ఉందని తర్వాత తేలింది. పై సేనాని ఐసెన్‌హోవర్ ఆదేశంతో క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంకోపక్క అమెరికన్ సైన్యం సొంత వైద్యులే 1946లో తేల్చిన సంగతి వేరు. 200 నుంచి 240 రోజులు ఎదురుకాల్పుల్లో గడిపితే ఎంత గట్టివాడైనా కూలిపోతాడు, యుద్ధానికి అలవాటుపడటం అనేదే ఉండదు. అదే ఏడు, చికిత్స పొందుతున్న సైనికుల మీద తానే తీయించిన డాక్యుమెంటరీని సైన్యం బయటికి రానివ్వలేదు. దానికి 1980 దాకా మోక్షం కలగలేదు.

సైనికులు కానివాళ్లదీ ఇదే కథ. నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడినవాళ్లకు పశ్చిమ జర్మనీ 1956 చట్టం కింద పరిహారం ప్రకటించింది. అయితే నిద్రపట్టకపోవడం, భయం, దిగులు శిబిరం వల్లే వచ్చాయని రుజువు చేసుకోవాలి. పుట్టుకతో వచ్చిన బలహీనత అని కొట్టిపారేసిన డాక్టర్లు తక్కువేం లేరు. అన్నీ పోగొట్టుకున్న మనిషిని మళ్లీ బోనులో నిలబెట్టడం అది.

అమెరికన్ మనోవైద్యుల అధికారిక జాబితాలో 1952 నుంచి ఉన్న తీవ్ర ఒత్తిడి జబ్బును 1968 నాటి రెండో కూర్పులో తీసేశారు. వియత్నాం యుద్ధం పతాకస్థాయిలో ఉన్న ఏడాది! తిరిగొచ్చినవాళ్లకు ఏ జబ్బు రాయాలో డాక్టర్లకు తెలియలేదు. 1969లో బోస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రికి ఒకడు వచ్చి, తన దళంవాళ్లు ఒక ఊళ్లో ఆడవాళ్లను, పిల్లలను చంపారని, తాను కాల్చలేదని, బయటికి చెబితే చంపుతామని తోటివాళ్లు బెదిరించారని చెప్పాడు. సిబ్బంది అతనికి స్కిజోఫ్రీనియా, అంటే భ్రమలు పుట్టించే మానసిక జబ్బు, అని రాశారు. సారా హేలీ అనే సోషల్ వర్కర్ ఒక్కతే, ఇతను చెప్పేది భ్రమ కాదేమో అంది. ఆమెకు ఉద్యోగంలో అది మొదటి రోజు. తండ్రి నోట రెండో ప్రపంచ యుద్ధం సంగతులు విని పెరిగిన మనిషి. అతను చెప్పిన మై లాయ్ ఊచకోత ఆ నవంబర్‌లో పత్రికలకెక్కింది.

1970 చివర్లో న్యూయార్క్‌లో యుద్ధ వ్యతిరేక మాజీ సైనికులు తమలో తాము కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లిఫ్టన్, షటాన్ అనే మనోవైద్యులు వాళ్లతో కలిశారు. హేలీ కూడా తోడైంది. వీళ్లంతా పదేళ్లు పట్టుబట్టాక 1980లో ఆ జాబితా మూడో కూర్పులో పిటిఎస్‌డి (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్), అంటే ఘోరమైన సంఘటన తర్వాత మనసును పట్టి పీడించే జబ్బు, చేరింది. అత్యాచార బాధితులకు, శిబిరాల నుంచి బతికొచ్చినవాళ్లకు కూడా అదే నిర్ధారణ వర్తించింది. నాకు తెలిసినంతలో ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. లోపం మనిషిలో కాదు, జరిగిన సంఘటనలో ఉందని మొదటిసారి కాగితం మీద పెట్టారు.

కాగితం మీద పెట్టాక లెక్క మీద తగువు మొదలైంది. వియత్నాం వెళ్లిన మగ సైనికుల్లో జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పిటిఎస్‌డి వచ్చినవాళ్లు 30.9 శాతమని 1988 నాటి జాతీయ అధ్యయనం చెప్పింది. 2006లో అదే సమాచారాన్ని మళ్లీ వడపోసి 18.7 శాతమన్నారు. యుద్ధం మన ఊళ్లోకే వస్తే పౌరుల పరిస్థితి ఏమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన అంచనా ప్రకారం ఘర్షణ ప్రాంతాల్లో ప్రతి ఐదుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. వీళ్లకు పెన్షన్ ఫైలు తెరిచేవాడు కూడా ఉండడు.

యుద్ధంలో గాయపడినవాళ్లకు ఇచ్చే పర్పుల్ హార్ట్ పతకానికి పిటిఎస్‌డి పనికిరాదని పెంటగాన్ 2009లో తేల్చింది. మయర్స్ కాలపు 'డబ్ల్యు', 'ఎస్' లెక్క పూర్తిగా పోలేదన్నమాట. తాగుడు, ఎదురుతిరగడం, చెప్పకుండా వెళ్లిపోవడం లాంటి కారణాలతో సైన్యం నుంచి పంపేస్తూ ఇచ్చే చెడ్డ డిశ్చార్జి కాగితం చేతికొచ్చినవాళ్ల ఇబ్బంది ఇంకోటి. వైద్యం, పెన్షన్ లాంటి సాయం అందాలంటే చాలామందికి ఆ కాగితమే అడ్డం. ఆ ప్రవర్తన వెనక పిటిఎస్‌డి ఉండొచ్చని, ఆ కాగితం మార్చమనే దరఖాస్తులను ఉదారంగా చూడమని రక్షణ మంత్రి చక్ హేగెల్ 2014 సెప్టెంబర్‌లో ఉత్తర్వు ఇచ్చాడు. వియత్నాం నుంచి వచ్చినవాళ్లు అప్పటికి అరవై దాటారు. దరఖాస్తు మాత్రం వాళ్లే పెట్టుకోవాలి, నలభై ఏళ్ల కిందటి రికార్డులు వాళ్లే వెతికి తెచ్చుకోవాలి.