తీరిక ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

చదువు, ఉద్యోగం, ఇంటిపని పోగా మిగిలిన గంటలనే మనం ఇప్పుడు తీరిక అంటున్నాము. తీరికను ఇలా పనికి మిగులుగా లెక్కకట్టడం మనుషులకు మొదటినుంచీ ఉన్న అలవాటు కాదు. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, మనిషి పనిచేసేదే తీరిక కోసమనీ, ఆలోచనకూ సంగీతానికీ దక్కే ఆ సమయమే జీవితంలో ఉన్నతమైన భాగమనీ భావించాడు. వినోదం ఆయన దృష్టిలో అలసటకు మందు మాత్రమే. ఆలోచన గొప్పదే. అయితే ఆ తీరిక బానిసల శ్రమ మీద బతికిన కొద్దిమంది పౌరుల సొత్తు అన్న సంగతిని మీరు మరచిపోకూడదు.

సేద్యమే ప్రధానమైన కాలంలో పని పొద్దును బట్టీ రుతువును బట్టీ నడిచేది. కోతల రోజుల్లో ఊపిరి సలిపేది కాదు, తరువాత కొంత నెమ్మది దొరికేది. పాటలూ కథలూ పని మధ్యలోనే సాగిపోయేవి. ఆ కాలం సుఖమయమని నేను అనను, కరువూ రోగమూ ఎప్పుడూ గడపలోనే ఉండేవి.

అసలైన మార్పు 18వ శతాబ్దం చివర బ్రిటన్‌లో మిల్లులతో వచ్చింది. యంత్రానికి చీకటీ వెలుగూ ఒకటే కాబట్టి, దాన్ని నడిపే మనుషులు కూడా గంట మోగగానే వచ్చి, రోజుకు 12 గంటలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ పనిచేయవలసి వచ్చింది. వారిలో మీకంటే చిన్న పిల్లలూ ఉన్నారు. 9 ఏళ్లలోపు పిల్లలను చాలా జౌళి మిల్లులలో పనికి పెట్టరాదని చెప్పడానికి అక్కడ 1833లో ఒక చట్టమే కావలసి వచ్చిందంటే, పరిస్థితి ఎంత దారుణంగా ఉండేదో మీరే ఊహించుకోండి. అటువంటి రోజుల్లో రాబర్ట్ ఓవెన్ అనే మిల్లు యజమాని ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల వినోదం, ఎనిమిది గంటల విశ్రాంతి కావాలన్నాడు. 1856లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ రాతిపనివారు పని ఆపి, వీధుల్లో ఊరేగి, కూలి తగ్గకుండానే ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒప్పందంలోనే ఆ పరిమితిని పరిశ్రమలకు నిర్దేశించింది. కొద్దిమంది సొత్తుగా ఉన్న తీరిక ఆ విధంగా అందరి హక్కు కావడం మొదలైంది; నాకు చరిత్రలో ఇంతకంటే ఇష్టమైన ఘట్టాలు తక్కువ.

1926లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తన కార్ల కర్మాగారాల్లో వారానికి ఐదు రోజుల పని ప్రవేశపెట్టాడు. తీరిక ఉన్న కార్మికుడే వస్తువులు కొంటాడని ఆయన నమ్మకం. అప్పటినుంచి తీరికకు మరో అర్థం చేరింది: అది ఖర్చుపెట్టే సమయం. ఇప్పుడు ఖర్చు కూడా అక్కరలేదు. మీరు ఫోనులో వీడియోలు చూస్తూ గడిపిన ప్రతి నిమిషమూ ప్రకటనల రూపంలో ఎవరికో ఆదాయమవుతున్నది, ఇంకొంతసేపు చూడాలనిపించేలా ఆ వరుసను పేర్చేవారూ ఉన్నారు. పోరాడి యజమాని చేతిలోనుంచి తెచ్చుకున్న గంటలు ఇలా మరొకరి లెక్కల్లోకి జారిపోవడం నన్ను నిజంగా బాధపెడుతున్నది.

పెద్దల వైపునుంచి కూడా ఒక ఒత్తిడి ఉన్నది. మీ సాయంత్రాలు ఏదో ఒక తరగతికి ఉపయోగపడాలని మేము తొందరపడుతుంటాము. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 31వ అధికరణం విశ్రాంతినీ, తీరికనూ, వయసుకు తగిన ఆటనూ పిల్లల హక్కుగా గుర్తించింది. ఆ ఆట మార్కులు పెంచాలనే షరతు అందులో లేదు. అవసరమైనప్పుడు ఈ మాట మీ పెద్దలకు నిస్సంకోచంగా చదివి వినిపించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య