నరం మీద నరం ఎక్కదండీ! రాత్రిపూట పిక్కలు పట్టేయడంపై అపోహలు - వాస్తవాలు

"తెల్లారుజామున ఒళ్లు విరుచుకున్నానండి, అంతే, నరం మీద నరం ఎక్కేసింది." వైజాగ్‌లో ఫిజియోథెరపీ చేసే ఎవరినడిగినా ఈ మాట విన్నామనే చెబుతారు.

నరం ఎక్కదు, దిగదు. పట్టేసేది పిక్క కండరం. నిద్రలో పాదం ముందుకు వాలి ఉంటుంది కాబట్టి ఆ కండరం అప్పటికే కురచబడి ఉంటుంది, ఆ టైంలో ఒళ్లు విరుచుకుంటూ కాలివేళ్లు చాపితే ఇంకా బిగుసుకుని రాయిలా అయిపోతుంది. చాలామందిలో అసలు కారణమంటూ ఏదీ దొరకదు కూడా.

అందుకే "నరం దిగాలి" అని పిక్క మీద గుద్దించుకోవడం, గుడ్డతో బిగించి కట్టడం దండగ. మోకాలు పూర్తిగా చాపి, కాలివేళ్లను మీ వైపు లాక్కోండి. మోకాలు మడిచి లాగితే సగమే సాగుతుంది, ఎందుకంటే పిక్క పైకండరం మోకాలి పైనుంచి మొదలై మడమ దాకా వస్తుంది. చెయ్యి అందకపోతే (బొజ్జ ఉన్నవాళ్లకి అందదు, మొహమాటం దేనికి) పాదానికి తువ్వాలు వేసి లాగండి. చల్లటి గచ్చు మీద కాలు పెడితే ఇంకా పట్టేస్తుందని మంచం దిగనివాళ్లున్నారు. దిగండి, మడమ నేలకి ఆనించి బరువు మోపండి, పెద్దవాళ్లయితే గోడ పట్టుకుని. తర్వాత ఒకట్రెండు రోజులు నొప్పి ఉండటం మామూలే.

అరటిపండు తింటే తగ్గుతుందా? అది అరిగి పొటాషియం ఒంట పట్టేలోపు నొప్పి దానంతటదే పోతుంది. మంచి పండే, తినండి. కానీ ఉద్దానం వైపు నుంచి డయాలసిస్‌కి వచ్చేవాళ్లూ, కిడ్నీ జబ్బున్న ఎవరైనా సరే, పిక్కల కోసమని అరటిపండ్లూ కొబ్బరినీళ్లూ మొదలుపెట్టొద్దు, పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదం.

మెగ్నీషియం మాత్రలైతే పెద్దవయసువాళ్లకి చెప్పుకోదగ్గ ఉపయోగం ఉండకపోవచ్చని 2020లో కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసేది) తేల్చింది. మలేరియాకి వాడే క్వినైన్ కొంత పనిచేస్తుంది గానీ ప్లేట్‌లెట్లు పడిపోవడం, గుండె లయ తప్పడం లాంటి ముప్పులున్నాయి, పిక్కల కోసం వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఎప్పుడో హెచ్చరించింది.

"ఒంట్లో ఉప్పు తగ్గింది" అనేది మరో మాట. సింహాచలం అప్పన్న గిరి ప్రదక్షిణకి 32 కిలోమీటర్లు నడిచొచ్చిన రాత్రి పిక్కలు పట్టేస్తే, చెమటతో పాటు కండరం అలసటకీ అందులో వాటా ఉంటుంది. అంత నడకకి ముందునుంచీ అలవాటు చేసుకోవాలి, ఒక్క ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మీద భారం వేస్తే కుదరదు.

మరి రాకుండా ఏం చేయాలంటే, పడుకోబోయే ముందు గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మోకాలు మడవకుండా, మడమ లేవకుండా ముందుకు వాలండి. పది సెకన్ల చొప్పున ఒక్కో కాలికి మూడుసార్లు. తొడ వెనక కండరం కూడా సాగదీయండి. 2012లో నెదర్లాండ్స్‌లో 55 ఏళ్లు దాటినవాళ్లతో 6 వారాలు ఇలాంటి సాగదీతలే చేయిస్తే పట్టేయడం తగ్గింది. బోర్లా పడుకునేవాళ్లు పాదాలు మంచం అంచు బయటికి వదిలేయండి, బరువు దుప్పటి వేళ్లను కిందికి నొక్కకుండా చూసుకోండి.

బీపీకి వాడే నీటి మాత్రలు (మూత్రం ఎక్కువగా పోయించేవి), కొలెస్ట్రాల్‌కి వాడే స్టాటిన్లు, కొన్ని ఆస్తమా ఇన్హేలర్లు మొదలుపెట్టాక ఇది ఎక్కువైందా? మీ అంతట మీరు మానేయకండి, రాసిచ్చిన డాక్టర్‌కి చెప్పండి. ఒక్క కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి నొప్పి వదలకపోతే మాత్రం సాగదీస్తూ కూర్చోకండి, అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.