సలహాల పెట్టె నుంచి క్వాలిటీ సర్కిల్ దాకా

ఉద్యోగులకు కొత్త ఆలోచనలు రావడం లేదని యాజమాన్యాలు అంటాయి. చెప్పి ఏం లాభం, పట్టించుకునే నాథుడెవరని ఉద్యోగులు అంటారు. ఇది నిన్నా మొన్నా పుట్టిన తగువు కాదు. స్కాట్లండ్‌లోని డంబార్టన్‌లో విలియం డెన్నీ ఓడల కర్మాగారం పనిలో మెరుగైన పద్ధతి చూపిన కార్మికులకు బహుమతులిచ్చే పథకం పెట్టింది 1880లో. అమెరికాలో ఈస్ట్‌మన్ కోడాక్ 1898లో అదే దారి పట్టింది. అక్కడ మొదటి బహుమతి రెండు డాలర్లు. పనిచేసే చోట వెలుతురు బాగుండాలంటే కిటికీల అద్దాలు కడిగించండి అన్నదే ఆ సలహా. నవ్వొచ్చేంత చిన్నది, నిజమే. కానీ మసక వెలుతురులో కళ్లు చికిలించుకుని పనిచేసేవాడికి తప్ప మరొకరికి తట్టేది కాదు. మన దేశంలో జంషెడ్‌పూర్ టాటా స్టీల్ 1932లోనే సలహాల పథకం మొదలుపెట్టింది.

పథకాలున్నా పెట్టెలో సలహాల చీటీలు పడకపోవడానికి మూలం కూలి లెక్కల్లో ఉంది. ఆలోచించే పనినంతా షాప్ ఫ్లోర్ నుంచి, అంటే కార్మికులు పనిచేసే చోటు నుంచి తీసేసి ప్రణాళికా విభాగానికి అప్పగించాలని అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్ 1903లో రాశాడు. కార్మికుల సలహాలు వద్దని ఆయన అనలేదు. వాటిని పరీక్షించి, పనికొస్తే ప్రతిఫలం ఇవ్వాలని 1911లో స్పష్టంగానే చెప్పాడు. ఫ్యాక్టరీలు మాత్రం మొదటి మాటే పట్టుకున్నాయి. అప్పట్లో చాలాచోట్ల చేసిన ఒక్కో వస్తువుకు ఇంత అని కూలి కట్టేవారు. రోజుకు పది చేసేవాడు ఉపాయం కనిపెట్టి పదిహేను చేస్తే, కొన్నాళ్లకు రేటు తగ్గించేవారు. చివరికి అదే కూలికి ఎక్కువ పని మిగిలేది. అందుకే ఉపాయం తెలిసినవాడు నోరు మెదపలేదు. ఇప్పుడు రూపం మారిందంతే. మూడు రోజుల రిపోర్టును మూడు గంటల్లో తేల్చే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం (స్క్రిప్టు) రాసిన ఉద్యోగికి మరో ఇద్దరి పని అంటగడితే, రెండో స్క్రిప్టు గురించి అతను ఎవరికీ చెప్పడు. ఏ పథకమైనా మొదలుపెట్టే ముందు యాజమాన్యం రాసివ్వాల్సిన హామీ ఒకటుంది: సలహా వల్ల ఎవరి ఉద్యోగమూ పోదు, ఎవరి టార్గెట్టూ వెంటనే పెరగదు.

సృజన అంటే ఏమిటో తేల్చే పని మనస్తత్వ శాస్త్రం ఆలస్యంగా చేపట్టింది. 1926లో గ్రాహం వాలస్ దాన్ని నాలుగు దశలుగా చెప్పాడు: విషయం సేకరించుకోవడం, దాన్ని పక్కన పెట్టి లోలోపల నాననివ్వడం, హఠాత్తుగా తట్టడం, తట్టింది సరైనదో కాదో చూసుకోవడం. 1950లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం అధ్యక్షుడి హోదాలో జె.పి. గిల్‌ఫర్డ్ మాట్లాడుతూ, పరిశోధన సూచికల్లోని సుమారు 1,21,000 శీర్షికల్లో సృజనకు సంబంధించినవి 186 మాత్రమేనని లెక్క చెప్పాడు. పరిశోధనలు ఊపందుకున్నది ఆ తర్వాతే.

ఆఫీసులు మాత్రం అంతకు ముందే మరో దారిలో నడిచాయి. న్యూయార్క్ ప్రకటనల సంస్థ బీబీడీవోలో అలెక్స్ ఆస్బర్న్ 1939 నుంచి మేధోమథనం (బ్రెయిన్‌స్టార్మింగ్) సమావేశాలు నడిపాడు. నియమాలు నాలుగు: విమర్శించకూడదు, ఎంత వింత ఆలోచనైనా చెప్పాలి, వీలైనన్ని చెప్పాలి, ఇతరుల ఆలోచనకు మెరుగులు దిద్దాలి. 1950లలో ఇది ఒక ఫ్యాషనైంది. కానీ 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నలుగురేసి కూర్చున్న బృందాలనూ, విడివిడిగా కూర్చుని ఆలోచించిన నలుగురేసి జాబితాలను కలిపి చూసినదాన్నీ పోల్చారు. విడిగా కూర్చున్నవారికే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. 1987లో జర్మనీ పరిశోధకులు డీల్, ష్ట్రోబె దీనికి ప్రధాన కారణం చూపారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. ఆగినంతసేపూ కొత్తది ఆలోచించలేరు, తమకు తట్టినదాన్ని మరిచిపోకుండా పట్టుకోవడమే సరిపోతుంది. మన ఆఫీసుల్లో దీనికి ఇంకొకటి తోడవుతుంది. బాస్ ముందుగా నోరు విప్పాడంటే, ఆ తర్వాత వచ్చేవన్నీ ఆ మాటకు వంతపాటలే.

దీనికి విరుగుడు 1968లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ చూపిన 6-3-5 పద్ధతి. ఆరుగురు కూర్చోవాలి. ఒక్కొక్కరి ముందూ మూడు నిలువు గడులు, ఆరు అడ్డ వరుసలున్న కాగితం ఉండాలి. ఐదు నిమిషాల్లో మూడు ఆలోచనలు రాసి కాగితం పక్కవారికి ఇవ్వాలి. అందుకున్నవారు పైవరుస చదివి, దాన్ని పెంచుతూనో, దాని నుంచి పక్కకు జరుగుతూనో మరో మూడు రాయాలి. ఆరు విడతలకు అరగంట, ఆరు కాగితాల మీద 108 ఆలోచనలు. నాలుగో విడత నుంచి చదవడానికే సమయం పోతుంది కాబట్టి చివరి విడతలకు ఒకటి రెండు నిమిషాలు పెంచడం మంచిది. ఇది చెడేది ఎక్కువగా ప్రశ్న దగ్గరే. 'ఖర్చు ఎలా తగ్గించాలి?' అంటే పిడికెడు ఉపదేశాలు వస్తాయి. 'రెండో షిఫ్ట్ మొదట్లో ప్యాకింగ్ లైన్ ఎందుకు ఆగుతోంది, ఆగకుండా ఏం చేయాలి?' అంటే పనికొచ్చేవి వస్తాయి. తెలుగులో రాసుకునే వీలు తప్పకుండా ఉండాలి. ఇంగ్లిషు ఫారమే నింపమన్న చోట యంత్రం గురించి అందరికన్నా బాగా తెలిసిన ఆపరేటర్ కాగితం ఖాళీగా తిరిగొస్తుంది.

డబ్బు ఆశ చూపితే ఆలోచనలు వస్తాయా అన్నదానికి 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ చేసిన ప్రయోగం ఇప్పటికీ గొప్ప జవాబు. ఒక కొవ్వొత్తి, గుండుసూదులున్న అట్టపెట్టె, అగ్గిపుల్లలు ఇచ్చి కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమన్నారు. సూదులు తీసేసి పెట్టెనే గోడకు గుచ్చి, దాన్ని పీటగా వాడాలన్నది కిటుకు. త్వరగా చేస్తే డబ్బిస్తామన్న వారికి ఎక్కువ సమయం పట్టింది. సూదులు ముందే పెట్టెలోంచి తీసి పక్కన పోసి ఇస్తే మాత్రం డబ్బు ఆశ ఉన్నవారే త్వరగా ముగించారు. దారి తెలిసిన పనికి బహుమతి వేగం పెంచుతుంది, దారి వెతకాల్సిన పనికి చూపును ఇరుకు చేస్తుంది. ఆదా అయినదాంట్లో ఇంత శాతం అని ప్రకటించే పథకాల్లో ఇంకో చిక్కు, ఎవరి వాటా ఎంతన్న పంచాయితీ. చిన్న స్థిర మొత్తం, అదీ వెంటనే ఇవ్వడం మేలు.

డబ్బు కన్నా తీరిక పనిచేసిన ఉదాహరణ అమెరికా సంస్థ 3ఎం. పని సమయంలో 15 శాతం సొంత ఆలోచనలకు వాడుకోవచ్చన్న ఆ సంస్థ ఆనవాయితీని 1948 నుంచి లెక్కిస్తారు. 1968లో స్పెన్సర్ సిల్వర్‌కు గట్టిగా అతుక్కోని జిగురు దొరికింది. దానికి ఉపయోగం 1974లో ఆర్ట్ ఫ్రైకి తట్టింది. అంటించి మళ్లీ తీసేయగల ఆ పోస్ట్-ఇట్ చీటీలు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో. మధ్యలో పన్నెండేళ్లు. మూడు నెలలకోసారి లెక్కలడిగే విభాగంలో ఆ జిగురు చెత్తబుట్టలోకే పోయేది.

జపాన్ దారి వేరు. ఫోర్డ్ కర్మాగారంలో సలహాల పథకాన్ని చూసొచ్చిన టొయోటా అధికారులు 1951లో తమ దగ్గర మొదలుపెట్టారు. అక్కడ సలహా చిన్నదైనా ఫర్వాలేదు, ముందు సూపర్‌వైజర్‌తో కలిసి చేసి చూడాలి. 1962లో కవోరు ఇషికావా ప్రోత్సాహంతో క్వాలిటీ సర్కిళ్లు వచ్చాయి. ఆలోచన ఒక మనిషి చీటీ నుంచి, ఒకే చోట పనిచేసే బృందం చేతికి మారింది.

ఇక్కడే మన కథ కలుస్తుంది. భారత్‌లో క్వాలిటీ సర్కిళ్లకు తొలి అడుగు పడింది 1980లో, హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో. దానికి చొరవ చూపిన ఎస్.ఆర్. ఉడ్పా 1982లో ఏర్పడిన క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియాకూ మూలపురుషుడు. ఆ ఫోరం కేంద్రం కూడా మన జంటనగరాలే.

సర్కిల్‌లో ఒకే చోట పనిచేసే ఆరు నుంచి పదిమంది, ఇష్టపడి వచ్చినవారే ఉంటారు. వారానికి ఒక గంట, పని సమయంలోనే కూర్చుంటారు. ముందు సమస్యలన్నీ రాసుకుని మూడు రకాలుగా విడదీస్తారు: తమ చేతుల్లో ఉన్నవి ఏ, వేరే విభాగం సాయం కావాల్సినవి బీ, యాజమాన్యం తేల్చాల్సినవి సీ. మొదటి సమస్య ఏ నుంచే తీసుకోవాలి. రెండు మూడు వారాలు లెక్కలు రాసి, వాటిని పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరుసగా పేర్చే పరేటో పటంలో ఏది ఎక్కువ నష్టం చేస్తోందో చూడాలి. చేపముల్లు పటంలో మనిషి, యంత్రం, సామగ్రి, పద్ధతి అనే కొమ్మల మీద కారణాలు రాయాలి. తోచిన కారణం అసలు కారణమేనా అన్నది మళ్లీ లెక్కతోనే తేల్చాలి. ఈ మెట్టు దాటేసి పరిష్కారానికి దూకడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. ఆ తర్వాత ఒక యంత్రం మీదో ఒక షిఫ్ట్‌లోనో ప్రయత్నించి, నిలబడితే అంతటా అమలు చేయాలి.

సర్కిళ్లు చచ్చిపోయేది మరికొన్ని తెలిసిన కారణాలతో. మేనేజర్ సమస్యను తానే ఎంచి ఇస్తాడు. సభ్యత్వం తప్పనిసరి చేస్తారు. పోటీల కోసం స్లైడ్లు ముందు, పని తర్వాత అవుతుంది. క్యాంటీన్, జీతం వంటి సీ సమస్యతో మొదలుపెట్టి ఆరు నెలలు జవాబు కోసం ఎదురుచూస్తారు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి మధ్యస్థాయి అధికారి. కిందివాళ్లు కనిపెట్టారంటే ఇన్నాళ్లూ నువ్వేం చేశావని తనను అడుగుతారని అతని భయం. సర్కిల్ ఫలితాన్ని అతని పనితీరు లెక్కలోనూ కలిపితే ఆ భయం కొంత తగ్గుతుంది.

పెట్టె అయినా సర్కిల్ అయినా నిలబడేది జవాబు మీదే. సలహా అందిందని మూడు రోజుల్లో చెప్పాలి, నిర్ణయం నెల దాటకూడదు. నిర్ణయించేది హెచ్‌ఆర్ కమిటీ కాదు, ఆ పని తెలిసిన ఇంజినీరో టీమ్ లీడరో అయ్యుండాలి. 'పరిశీలనలో ఉంది' అన్నది జవాబు కిందికి రాదు. వద్దంటే కారణం రెండు వాక్యాల్లో, తేదీతో రిజిస్టర్‌లో రాయాలి. ఏడాదికోసారి, లేదా యంత్రమో సాఫ్ట్‌వేరో మారినప్పుడు ఆ వద్దన్నవన్నీ మళ్లీ తీసి చూడాలి. విడిభాగం దొరకదనో, సర్వర్ తట్టుకోదనో పక్కన పెట్టినవి వాటిలో కొన్ని ఉంటాయి. చెప్పినవాడి పేరు కూడా పక్కనే రాసి ఉంటే, అమలు చేసేటప్పుడు అతన్నే పిలవొచ్చు.