తల్లి ఒక్కతే పెంచలేనంత బిడ్డ

ఈనిన గొర్రె మొట్టమొదట చేసే పని పిల్లను నాకడం. నిన్నటి దాకా ఉమ్మనీటి వాసన తగిలితే తొలగిపోయిన జంతువే ఇప్పుడు అదే తడిని ఆత్రంగా నాకుతూ, గొంతు దించి మెల్లగా అరుస్తూ, తడబడుతున్న పిల్లను పొదుగు దగ్గరికి చేరనిస్తుంది. ఒకటి రెండు గంటలలో ఆ పిల్ల వాసన దానికి బాగా గుర్తుండిపోతుంది. ఆపైన మరే పిల్ల పాలకు వచ్చినా తలతో కుమ్మి తరిమేస్తుంది. పుట్టిన వెంటనే పిల్లను తప్పించి, చాలా గంటల తరువాత తెచ్చి వదిలితే అనేక గొర్రెలు కన్నపిల్లనే దగ్గరకు రానివ్వవు. ఈ సంగతి శాస్త్రజ్ఞుల కంటే ఎంతో ముందే కాపరులకు తెలుసు. పిల్ల చనిపోయిన గొర్రెకు తల్లిలేని పిల్లను అలవాటు చేయడానికి, చనిపోయిన పిల్ల తోలును ఒలిచి బతికున్న దానికి కప్పుతారు. వాసన కుదిరితే తల్లి పాలు చేపుతుంది.

ఇంత కచ్చితమైన ఏర్పాటు ఎందుకు వచ్చిందో గొర్రె బతికే తీరు చూస్తే అర్థమవుతుంది. అది మందలో ఈనుతుంది, పిల్ల కొద్దిసేపటికే లేచి నడుస్తుంది, కనుక పిల్లలు కలిసిపోయి పాలు పరాయి పిల్ల తాగేసే ప్రమాదం మొదటి గంట నుంచే ఉంటుంది. ఎలుక సంగతి వేరు. దాని పిల్లలు కళ్ళు తెరవకుండా గూటిలోనే పడి ఉంటాయి కాబట్టి, గూటిలో ఉన్నవన్నీ తనవే అనుకున్నా దానికి నష్టం తక్కువ. అంతకంటే విశేషమేమంటే, ఎన్నడూ ఈనని ఆడ ఎలుక ముందు పిల్లలను చూసి బెదిరి దూరంగా పోయినా, దాదాపు వారం రోజులు వాటి మధ్యే ఉంచితే వాటిని నాకడం, నోట కరుచుకుని గూటికి చేర్చడం, వాటి మీద వాలి వెచ్చగా కాపాడడం మొదలుపెడుతుంది. మగ ఎలుకలలోనూ ఇదే మార్పు కనిపించింది. సాకే నేర్పు ఆ మెదడులో ముందే నిద్రాణంగా ఉందన్నమాట. గర్భధారణ, కాన్పు తెచ్చే హార్మోన్లు దానిని త్వరగా మేల్కొల్పుతాయి, పిల్లల సాన్నిధ్యం నెమ్మదిగా మేల్కొల్పుతుంది.

కోతుల దగ్గరకు వచ్చేసరికి హార్మోన్ల పట్టు సడలి, అనుభవం పాత్ర పెరుగుతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు హారీ హార్లో తల్లి లేకుండా, ఒంటరిగా పెంచిన రీసస్ కోతులు తాము తల్లులైనప్పుడు తొలి పిల్లను పట్టించుకోలేదు, కొన్ని గాయపరిచాయి కూడా. ఆ ప్రయోగాలలోని క్రూరత్వం తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. అయితే అలాంటి తల్లులలో పలువురు తరువాతి కాన్పులలో మెరుగ్గా ప్రవర్తించాయన్నది మరచిపోకూడని విషయం. బిడ్డను ఎత్తుకున్న తొలి క్షణంలోనే ప్రేమ పొంగలేదని కుమిలిపోయే తల్లికి ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. మన జాతిలో ఆ బంధం రోజుల తరబడి, చేతుల్లో మోస్తూ, పాలిస్తూ అల్లుకునేది.

తల్లీబిడ్డల ప్రయోజనాలు పూర్తిగా ఒకటి కావని కూడా ఒప్పుకోవాలి. తల్లి జన్యువులలో సగమే బిడ్డకు వస్తాయి కనుక, తల్లి ఇవ్వదలచిన దానికంటే కాస్త ఎక్కువ రాబట్టుకునే బిడ్డను ప్రకృతి వరణం ప్రోత్సహిస్తుందని 1974లో జీవపరిణామ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ట్రివర్స్ వాదించారు. ఈ పెనుగులాట కడుపులోనే మొదలవుతుందని 1993లో మరో జీవపరిణామ శాస్త్రజ్ఞుడు డేవిడ్ హేగ్ వివరించారు. మాయ (ప్లాసెంటా) నుంచి వచ్చే కణాలు గర్భాశయంలోని ధమనుల గోడలను చొచ్చుకుపోయి, అక్కడి కండరాన్ని తొలగించి, రక్తప్రవాహాన్ని తల్లి తగ్గించుకోలేని విధంగా మార్చేస్తాయి. అదే మాయ విడుదల చేసే హార్మోన్లు తల్లి ఇన్సులిన్ ప్రభావాన్ని తగ్గించి రక్తంలో చక్కెరను నిలిపి ఉంచుతాయి. తల్లి శరీరం మరింత ఇన్సులిన్ తయారుచేసి తట్టుకుంటుంది.

ఇంత ఖరీదైన బిడ్డ విషయంలో ఒక లెక్క చాలాకాలం కుదరలేదు. ఒరాంగుటాన్ తల్లి రెండు కాన్పుల మధ్య 7, 8 ఏళ్ళు ఆగుతుంది, చింపాంజీ 5, 6 ఏళ్ళు ఆగుతుంది. వాటి పిల్లలు పాలు మానగానే తమ తిండి తామే వెతుక్కుంటాయి. మనిషి బిడ్డ పదిహేనేళ్ళు దాటినా ఇతరులు తెచ్చిన తిండి మీద ఆధారపడుతుంది. అయినా వేటతో, సేకరణతో జీవించే సమాజాలలో తల్లి 3, 4 ఏళ్ళకే మళ్ళీ కంటుంది. పెద్దబిడ్డకు ఆకలి తీరకముందే చిన్నబిడ్డ వచ్చేస్తే ఆ ఇద్దరినీ ఎవరు పోషించారు?

టాంజానియాలో వేటతో, సేకరణతో జీవించే హాడ్జా ప్రజల మధ్య మానవశాస్త్రజ్ఞురాలు క్రిస్టెన్ హాక్స్ బృందం చేసిన పరిశీలనలో ఒక సమాధానం దొరికింది. అక్కడి ముఖ్యాహారాలలో ఒకటైన దుంపలు గట్టినేలలో, రాళ్ళ సందుల్లో లోతుగా ఉంటాయి. వాటిని కర్రతో తవ్వడం చిన్నపిల్లలకు సాధ్యం కాదు. మామూలు రోజులలో పెద్దబిడ్డ పెరుగుదల తల్లి తిండి సేకరణకు వెచ్చించే సమయాన్ని బట్టి ఉండేది. ఒళ్ళో పసికందు ఉన్నప్పుడు తల్లి తవ్వే సమయం తగ్గిపోయేది, అప్పుడు ఆ బిడ్డ పెరుగుదల అమ్మమ్మ వంటి పెద్దామె తవ్వకం మీద ఆధారపడేది. కాన్పులు ఆగిపోయాక కూడా స్త్రీలు దశాబ్దాల పాటు దృఢంగా జీవించడానికి కారణం ఇదేనని ఆ బృందం ప్రతిపాదించింది. దీని మీద వాదోపవాదాలు ఇంకా ఉన్నాయి, కానీ మనిషి తల్లికి తోడు అవసరమన్న మూలాంశం నాకు బలమైనదిగానే కనిపిస్తుంది.

ఆ తోడు తండ్రి శరీరంలోనూ గుర్తులు వదిలింది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 600 మందికి పైగా యువకులను 2005లోనూ, మళ్ళీ 2009లోనూ పరీక్షించగా, ఆ మధ్యకాలంలో తండ్రులైన వారిలో పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ బాగా తగ్గింది. రోజూ ఎక్కువసేపు బిడ్డ పనులు చూసే తండ్రులలో అది ఇంకా తక్కువగా ఉంది.

చింపాంజీ తల్లి మొదటి నెలల్లో తన పిల్లను ఇతరుల చేతికి ఇవ్వదు, పిల్ల తల్లి ఒంటిని వదలదు. మనిషి బిడ్డ మాత్రం అనేక సమాజాలలో పుట్టిన రోజు నుంచే చేతులు మారుతూ పెరుగుతుంది. తల్లి ఎప్పుడూ ఆనుకుని ఉండదు గనుక, చుట్టూ ఉన్నవారి మనసును చదివి, వారిని తన వైపు తిప్పుకోగల శిశువులే మన వంశంలో నిలిచారని మానవశాస్త్రజ్ఞురాలు సారా బ్లాఫర్ హర్డీ వాదన. 2002లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో 2 నుంచి 5 రోజుల వయసున్న శిశువులకు ఒకే స్త్రీ ముఖాన్ని రెండు రకాలుగా చూపించారు. ఒకదానిలో కళ్ళు సూటిగా చూస్తున్నాయి, రెండోదానిలో పక్కకు తిరిగి ఉన్నాయి. ఆమె ఆ శిశువుల తల్లి కాదు. అయినా వారు తమ వైపు చూస్తున్న కళ్ళనే ఎక్కువసేపు చూశారు.