టెక్సస్ పల్లె కౌంటీలో సొంతిల్లు: పర్మిట్ల గురించి అపోహలు – వాస్తవాలు

డాలస్ చుట్టూ ఉన్న సబ్‌డివిజన్లలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు చూసి విసుగొచ్చి, "కాస్త దూరమైనా ఎకరాల్లో కట్టుకుందాం" అనుకునే మనవాళ్లకు డ్రాయింగులు గీయడం, కౌంటీ కాగితాలు నడిపించడం నా పని. ఫోన్ చేసే వాళ్లలో సగం మంది మొదటి మాట ఇదే: "అన్నా, ప్లాన్ రెడీ. కౌంటీలో పర్మిట్ అక్కర్లేదట కదా, ఎప్పుడు మొదలుపెడదాం?" నా మొదటి ప్రశ్న కూడా ఎప్పుడూ ఒకటే: "మట్టి చూపించారా?" అవతల కాసేపు మాట ఉండదు.

అపోహ: సిటీ హద్దు దాటితే ఏ పర్మిటూ అక్కర్లేదు

సగం నిజం కాబట్టే ఈ మాట ఎక్కువమందిని ముంచుతుంది. టెక్సస్‌లో కౌంటీలకు సిటీల్లాగా జోనింగ్ పెట్టే అధికారం సాధారణంగా లేదు. చాలా పల్లె కౌంటీల్లో "బిల్డింగ్ పర్మిట్" అనే పేరుతో కాగితమే దొరకదు. దాని బదులు సెప్టిక్‌కి ఒకటి, వరద ప్రాంతం సంగతి తేల్చడానికి ఒకటి, డ్రైవ్‌వేకి ఒకటి, 911 అడ్రసుకి (అత్యవసర సేవలవాళ్లు ఇల్లు కనుక్కునే నంబరుకి) ఒకటి. ఒక్కోటి ఒక్కో ఆఫీసులో. సిటీలో ఒకే ఫైలుగా నడిచేదాన్ని ఇక్కడ మీరే పోగేసుకోవాలి.

పైగా హద్దు బయట ఉన్నంత మాత్రాన సిటీతో పని తీరిపోదు. ప్రతి సిటీకీ చుట్టూ ఈటీజే అని ఒక వలయం ఉంటుంది. జనాభా 5,000 లోపు ఉన్న ఊరికి అది అర మైలు, లక్ష దాటిన ఊరికి 5 మైళ్ల వరకు. అందులో భూమిని విడగొట్టడంపై సిటీ నిబంధనలు వర్తించవచ్చు. 2023 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన చట్టంతో, కొన్ని మినహాయింపులు తప్ప, యజమానులు అర్జీ పెట్టుకుని ఈటీజే నుంచి బయటపడే వీలుంది. భూమి కొనకముందే ఈటీజే మ్యాపు చూడండి.

అపోహ: ముందు ఇంటి ప్లాన్, సెప్టిక్ సంగతి తర్వాత

అసలు తప్పు ఇక్కడే జరుగుతుంది. డాలస్ నుంచి శాన్ ఆంటోనియో దాకా సాగే బ్లాక్‌లాండ్ ప్రెయిరీ నేల మనకు కొత్తదేమీ కాదు. అచ్చం మన నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. పత్తికి బంగారం లాంటి ఈ మట్టి సెప్టిక్‌కి మాత్రం శత్రువు, ఎందుకంటే నీళ్లు కిందికి ఇంకవు. రాష్ట్ర నిబంధనల ప్రకారం లైసెన్సున్న సైట్ ఇవాల్యుయేటర్ గానీ, ప్రొఫెషనల్ ఇంజనీరు గానీ గుంటలు తీసి మట్టి తరగతి తేల్చాలి. జిగురు బంకమట్టి అని తేలితే మామూలు డ్రెయిన్‌ఫీల్డ్, అంటే ట్యాంకు నీళ్లు మట్టిలోకి ఇంకే చోటు, కుదరదు. అప్పుడు మా వైపు ఎక్కువగా వేసేది ఏరోబిక్ సిస్టమ్: మురుగును శుద్ధి చేయడానికి గాలి పంపు, క్లోరిన్, ఆ నీళ్లు నేల మీద చల్లడానికి స్ప్రింక్లర్లు. దాన్ని నాలుగు నెలలకోసారి పరీక్షించి కౌంటీకి రిపోర్టు పంపాలి. మొదటి రెండేళ్ల సర్వీసు వేసినవాళ్లదే, ఆ తర్వాత ఖర్చు మీది.

సైజు లెక్క బెడ్‌రూములతో, చదరపు అడుగులతో ముడిపడి ఉంటుంది. నీళ్లు ఆదా చేసే ఫిట్టింగులు పెడితే, మూడు బెడ్‌రూములు, 2,500 చదరపు అడుగుల లోపు ఇంటికి రోజుకు 240 గ్యాలన్ల మురుగునీరు అని లెక్క. అయిదు బెడ్‌రూములు, 4,500 లోపు అయితే 360. అల్మరా, కిటికీ ఉన్న గదికి "ఆఫీసు" అని పేరు పెట్టినా, పర్మిట్ ఆఫీసువాళ్లు దాన్ని బెడ్‌రూమ్‌గానే లెక్కేయొచ్చు.

ఇక వాస్తు. వాస్తుతో నాకు పేచీ లేదు, మా ఇల్లూ చూసే కట్టాను. ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో సెప్టిక్ అంటారు, బాగుంది. కానీ నిబంధన కొలతల్లో మాట్లాడుతుంది: బోరు నుంచి సెప్టిక్ ట్యాంకు కనీసం 50 అడుగులు, డ్రెయిన్‌ఫీల్డ్ కనీసం 100 అడుగుల దూరంలో ఉండాలి. బోరు, సెప్టిక్ రెండూ ఉండే కొత్త స్థలం కనీసం ఎకరం ఉండాలి. మీ ఎకరంలో ఈ దూరాలతో పాటు పక్కవాళ్ల బోరు దూరం కూడా తీసేస్తే మిగిలే చోటు ఎంతో ముందు చూడండి. ఇల్లు ఎటు చూడాలన్నది ఆ తర్వాత మాట్లాడుకుందాం. ఒక కుటుంబం పెద్దగా గీయించుకున్న ప్లాన్‌ను ఇందుకే మూడుసార్లు తిప్పాం. ఆర్కిటెక్టుకు ఇచ్చిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

అపోహ: పదెకరాలుంటే సెప్టిక్‌కి పర్మిటే అక్కర్లేదు

మినహాయింపు ఉన్నమాట నిజమే, దానికి షరతులూ ఉన్నాయి. పదెకరాలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్న స్థలంలో ఒకే ఇల్లు ఉండాలి. సిస్టమ్‌లోని ఏ భాగమూ హద్దుకు 100 అడుగుల లోపు రాకూడదు. మురుగు మీ స్థలం దాటకూడదు. అమ్మానాన్నలు ఇండియా నుంచి వస్తారని వెనకాల రెండో చిన్నిల్లు వేశారంటే మినహాయింపు పోయినట్టే. పైగా కౌంటీ తన ఆర్డరులో రాష్ట్రం కంటే కఠినమైన నియమం పెట్టుకోవచ్చు. కాబట్టి "పదెకరాలు కదా" అని రియల్టర్ చెప్పిన మాట కంటే కౌంటీ సెప్టిక్ ఆఫీసుకు ఒక ఫోన్ మేలు.

అపోహ: నలుగురం కలిసి ఇరవై ఎకరాలు కొని, సర్వేయరును పిలిచి తలా ఐదు పంచుకుంటే చాలు

మనవాళ్లలో ఇది బాగా కనిపిస్తుంది. వారాంతం పార్టీలో పుట్టే ఆలోచన. స్నేహితులంతా పక్కపక్కనే, మధ్యలో ఉమ్మడి దారి, పిల్లలకు ఒక క్రికెట్ పిచ్. కలలో తప్పు లేదు. కానీ సర్వే వేరు, ప్లాటింగ్ వేరు. కౌంటీ పరిధిలో భూమిని ఇళ్ల కోసం విడగొడితే మామూలుగా ప్లాట్ మ్యాపు తయారుచేసి కమిషనర్స్ కోర్టు (కౌంటీని నడిపే పాలకమండలి) ఆమోదం తీసుకుని రికార్డు చేయించాలి. ప్రతి ముక్కా పదెకరాలు దాటి, కొత్తగా రోడ్లేమీ వేయకపోతే మినహాయింపు ఉంది. దగ్గరి బంధువులకు నాలుగు ముక్కల వరకు ఇచ్చేటప్పుడూ ఉంది. స్నేహం ఎంత గట్టిదైనా ఆ లెక్కలోకి రాదు.

"ఐదెకరాలు దాటితే ప్లాటింగ్ అక్కర్లేదని చదివాను" అంటారు. అది సిటీల చట్టంలోది, కౌంటీలది కాదు. పైగా ఇరవైని నాలుగుతో భాగిస్తే సరిగ్గా ఐదు వస్తుంది, ఐదు దాటదు. ఆ ఉమ్మడి దారి ఎవరిది, ఎవరు బాగు చేస్తారు అన్నది కాగితం మీద లేకపోతే బ్యాంకువాళ్లే లోన్ దగ్గర ఆపేస్తారు.

అపోహ: అగ్ ఎగ్జంప్షన్ ఉంది కాబట్టి మనది వ్యవసాయ కట్టడమే

అది పన్ను లెక్క మాత్రమే. గడ్డి కోయించి, ఆవులు మేపి పన్ను తగ్గించుకోవడానికీ, మీరుండే ఇంటికి సెప్టిక్ పర్మిట్ తీసుకోవడానికీ సంబంధం లేదు.

అపోహ: ఆ వాగులో నీళ్లే ఉండవు, వరద కాగితం ఎందుకు?

మీరు చూసింది ఆగస్టులో. ఫెమా (కేంద్ర విపత్తుల సంస్థ) వరద మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. స్థలం వరద ముప్పు ఎక్కువున్న ఏ (A) లేదా ఏఈ (AE) జోన్‌లో పడితే ఇంటికే కాదు, మట్టి పోసి ఎత్తు చేయడానికీ అనుమతి కావాలి. ఏఈ జోన్‌లో వరద మట్టం అంకె మ్యాపులోనే ఉంటుంది, నేల అంతస్తు దానికంటే కిందికి పోకూడదు. ఒట్టి ఏ జోన్‌లో చాలాచోట్ల ఆ అంకె ఉండదు, ఇంజనీరుతో లెక్క కట్టించుకోవాల్సి రావచ్చు. ఇల్లు నిజంగా ఎత్తులో ఉందనిపిస్తే సర్వేయరు కొలతలతో ఫెమాకు దరఖాస్తు పెట్టి జోన్ నుంచి బయటపడవచ్చు. అది తేలేదాకా లోన్ ఇచ్చేవాళ్లు వరద ఇన్సూరెన్స్ అడుగుతారు.

అపోహ: పల్లెలో ఇన్‌స్పెక్షన్లు ఉండవు

2009లో వచ్చిన చట్టం ప్రకారం, కౌంటీ ఒప్పుకుని ఆర్డరు తీసుకుంటే, కొత్త ఇంటికి కనీసం మూడు తనిఖీలు జరగాలి: కాంక్రీటు పోయకముందు పునాది, గోడలు మూయకముందు చట్రం, చివర్లో పూర్తయిన ఇల్లు. ఇన్‌స్పెక్టరును పెట్టుకోవాల్సింది బిల్డరే. మీ కౌంటీ ఆర్డరు తీసుకోకపోయినా ఈ మూడూ మీ డబ్బుతో చేయించుకోండి. నల్లరేగడి మీద ఇనుము సరిగ్గా కట్టని స్లాబు రెండు ఎండాకాలాలు ఆగదు.

అపోహ: అడ్రసు చివర్లో అదే వస్తుంది

ఇంటి నంబరు చాలాచోట్ల డ్రైవ్‌వే రోడ్డును ఎక్కడ కలుస్తుందో దాన్ని బట్టి ఇస్తారు. ఆ రోడ్డు ఎఫ్‌ఎం (ఫార్మ్ టు మార్కెట్) అనే రాష్ట్ర రోడ్డయితే డ్రైవ్‌వే అనుమతి రాష్ట్ర రవాణా శాఖ టెక్స్‌డాట్‌ది, కౌంటీ రోడ్డయితే కౌంటీది. కల్వర్టు పైపు సైజు కూడా వాళ్లే చెప్తారు. అడ్రసు లేనిదే చాలా కౌంటీలు సెప్టిక్ దరఖాస్తే తీసుకోవు. గేటు ఏ దిక్కున పెట్టాలో సిద్ధాంతి గారు ఇంకా తేల్చలేదని నాలుగు వారాలు అడ్రసు కోసం ఆగిన ఇల్లు కూడా నా చేతుల మీదుగా వెళ్లింది.