ఇండియన్ వెయ్యమంటారా, ఇంపోర్టెడా?

రెండేళ్ల కిందట మా బాబాయి హైవే మీద బండి మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. విజయవాడ తీసుకెళ్లి సూర్యారావుపేటలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం కౌంటర్లో కుర్రాడు పిన్నిని అడిగింది ఒక్కటే: "రాడ్డు ఇండియన్ వెయ్యమంటారా అమ్మా, ఇంపోర్టెడ్ వెయ్యమంటారా?" పిన్నికేం తెలుస్తుంది. "మంచిదే వెయ్యండి బాబూ" అంది.

ఆ రాత్రే ఒకతను రెండు స్టీలు పెట్టెలు మోసుకొచ్చి, ఆటోక్లేవ్‌లో (ఆవిరితో క్రిములు చంపే యంత్రంలో) పెట్టమని అప్పజెప్పి వెళ్లాడు. పొద్దున అతనే థియేటర్ బట్టలు వేసుకుని లోపలికి పోతుంటే ఆసుపత్రి మనిషే అనుకున్నాం. కాదట, ఇంప్లాంట్లు, అంటే ఒంట్లో అమర్చే సామాను, అమ్మే డీలరు మనిషి. రాడ్లు, స్క్రూలు అన్ని సైజుల్లో అతనే తెస్తాడు. వాటిని బిగించే పనిముట్లూ ఆ కంపెనీవే. ఆపరేషన్ జరిగినంతసేపూ పక్కన నిలబడి దేని తర్వాత ఏది అందించాలో నర్సుకి చెబుతాడు. వాడినవి లెక్క రాసుకుని, మిగిలినవి పట్టుకుపోతాడు.

సర్జనుకీ కంపెనీకీ ఇంత దగ్గరితనం ఉండటం తప్పేమీ కాదు. అది లేకపోతే ఈ వైద్యమే లేదు. 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్లీ చేసిన తుంటి కీలు మార్పిడి ఇప్పటికీ అందరికీ ఒరవడి. ఆలోచన సర్జనుది, తయారీ లీడ్స్ నగరంలోని థాక్రే అనే కంపెనీది. కొత్త డిజైన్ ఇచ్చిన సర్జనుకి రాయల్టీ రావడంలో కూడా వింతేమీ లేదు. చిక్కల్లా ఏ డిజైనూ ఇవ్వని సర్జనుకి డబ్బు ముట్టినప్పుడే.

అది బట్టబయలైంది అమెరికాలో. 2007 సెప్టెంబరులో జిమ్మర్, డిప్యూ, బయోమెట్, స్మిత్ అండ్ నెఫ్యూ అనే నాలుగు కంపెనీలు కలిసి సుమారు 31 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకున్నాయి. అయిదోది స్ట్రైకర్, ముందే సహకరించడంతో జరిమానా తప్పింది. ఆ దేశంలో మోకీళ్లు, తుంటి కీళ్ల వ్యాపారమంతా దాదాపుగా ఈ అయిదింటి చేతుల్లోనే ఉండేది. కన్సల్టెంట్లన్న పేరు పెట్టి సర్జన్లకి డబ్బిచ్చి, తమ సరుకే వాడేలా చేసుకున్నారన్నది ప్రాసిక్యూటర్ల ఆరోపణ. ఒప్పందంలో ఒక షరతు జరిమానా కంటే గట్టిది: ఏ సర్జనుకి ఎంత ఇచ్చారో కంపెనీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. 2010లో అదే చట్టమైంది. 2014 సెప్టెంబరు 30 నుంచి అక్కడ ఎవరైనా డాక్టరు పేరు కొట్టి చూసుకోవచ్చు, భోజనం ఖర్చుతో సహా.

మన దగ్గర కథ ఇంకో దారిలో నడిచింది. పేషెంటుని పంపినందుకు కమీషన్ తీసుకోవడం, ఇవ్వడం తప్పని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలే చెప్పాయి. పల్లెలో ఆరెంపీ దగ్గర మొదలై గుంటూరులో ఆసుపత్రులుండే కొత్తపేటలో తేలే రిఫరల్ దారి ఎలాంటిదో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కంపెనీల సంగతి 2009 డిసెంబరు దాకా ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు కానుకలు, ప్రయాణాలు, నగదు తీసుకోకూడదని చేర్చారు. ఎంత తీసుకుంటే ఏ శిక్షో 2016లో లెక్క కట్టారు: వెయ్యి దాటితే మందలింపు, లక్ష దాటితే ఏడాదికి పైగా రిజిస్టరు నుంచి పేరు తీసేయడం.

నిబంధనంతా తీసుకునే చెయ్యి గురించే, ఇచ్చే చెయ్యి గురించి కాదు. మందుల కంపెనీల కోసం 2015 జనవరి నుంచి ఒక కోడ్ (ప్రవర్తనా నియమావళి) వచ్చింది కానీ అది ఇష్టమైతే పాటించే రకం. కాస్తో కూస్తో భయపెట్టింది ఆదాయపు పన్ను శాఖే. డాక్టర్లకిచ్చే కానుకలని వ్యాపార ఖర్చుగా చూపించడానికి వీల్లేదని 2012లో సర్క్యులర్ ఇచ్చింది. అపెక్స్ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీ కేసులో 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. తీసుకోవడం తప్పయితే, ఇచ్చినవాడికి పన్ను మినహాయింపు ఎలా వస్తుంది?

నా మటుకు నాకు ఈ కథలో అసలు మలుపు 2017. గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే స్టెంటు వేసేది సర్జను కాదు, కార్డియాలజిస్టు. అయినా గుట్టు ముందు రట్టయింది అక్కడే. ఆసుపత్రులు స్టెంటు మీద 654 శాతం దాకా లాభం వేసుకుంటున్నాయని కేంద్ర ప్రభుత్వ మందుల ధరల నియంత్రణ సంస్థే లెక్క తేల్చింది. ఫిబ్రవరిలో మందుపూత స్టెంటుకి 29,600 రూపాయలు గరిష్ఠ ధర పెట్టింది. ఆగస్టులో మోకీళ్ల వంతు. లక్షన్నర పైచిలుకున్న మామూలు మోకీలు ఇంప్లాంటు 54,720కి దిగింది, జీఎస్టీ అదనం. ఇంప్లాంటు పేరు, కంపెనీ, ధర బిల్లులో విడిగా రాయాలన్నారు.

ఆ లెక్కల్లో బయటపడింది పెన్నులూ డైరీలూ కాదు. ఆసుపత్రి కొన్న ధరకీ పెట్టె మీద ఎమ్మార్పీకీ మధ్య తేడా. సూర్యారావుపేటలోనైనా కొత్తపేటలోనైనా చాలా ఆసుపత్రులకి ఓనరు సర్జనే. ఏ రాడ్డు వెయ్యాలో ఎంచేదీ ఆయనే, కొనేదీ ఆయనే, బిల్లు వేసేదీ ఆయనే. డీలరు కవరు ఇవ్వాల్సిన పని లేదు, ఎమ్మార్పీ పెద్దది కొట్టించి తక్కువకి ఇస్తే చాలు. కానుక తీసుకోవద్దనే నిబంధన ఈ తేడా జోలికి రాదు. ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకాల కేసుల్లో ఇంప్లాంటు ఖర్చు సర్కారు ఇచ్చే ప్యాకేజీ మొత్తంలోనే కలిసిపోతుంది కాబట్టి ఇదే లెక్క తిరగబడుతుంది: ఎంత చవకది వేస్తే అంత మిగులు. ఇండియనా ఇంపోర్టెడా అని అక్కడ ఎవరూ అడగరు.

ఆ తర్వాతి అడుగులన్నీ తడబాటే. మెడికల్ కౌన్సిల్ స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న డాక్టర్లకి కొత్త నిబంధనలు తెచ్చింది, గోల కావడంతో అదే నెల 23న పక్కన పెట్టేసింది. 2024 మార్చిలో మందుల కంపెనీలకి, సెప్టెంబరులో వైద్య పరికరాల కంపెనీలకి కొత్త కోడ్‌లు వచ్చాయి. విదేశీ కాన్ఫరెన్సులు, కానుకలు బంద్ అన్నారు. ఫిర్యాదు వస్తే విచారించేది మాత్రం ఆ కంపెనీల సంఘాలు పెట్టుకున్న కమిటీలే.

2017లో గరిష్ఠ ధర పెట్టింది మోకీలుకి, విరిగిన ఎముకకి వేసే రాడ్డుకీ ప్లేటుకీ కాదు. వాటి ఎమ్మార్పీ ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదన్నదొక్కటే అడ్డు. మొదటి ఎమ్మార్పీ ఎంత పెట్టుకోవాలో అడిగేవాళ్లు లేరు. బాబాయి బిల్లులో ఆ ఖర్చంతా ఒకే లైను: "ఇంప్లాంట్". కేసు షీటు కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నిబంధనల్లోనే ఉంది కదా అని వెళ్లి అడిగాను. ఇచ్చారు. చివరి పేజీలో డబ్బా మీంచి ఊడదీసి అంటించిన తెల్ల స్టిక్కర్లు అయిదు. రాడ్డుదొకటి, స్క్రూలవి నాలుగు. కంపెనీ పేరుంది, సైజుంది, లాట్ నంబరుంది. ధర డబ్బా మీద ఉంటుందట. డబ్బా ఏదీ అంటే, అది ఆ రోజే పారేశామన్నారు.